పాల్మాకులలో నా భూకంపం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. నేను మహా తెలివైనదాన్నని మొదటిది. ఏ వస్తువుతో వచ్చిన పుస్తకంలోనైనా మొదటి పేజీ చదవడం తెలివితక్కువ వాళ్ళు చేసే పని అని రెండోది. మొదటి నమ్మకాన్ని పెళ్ళయ్యాక మా ఆయన, పిల్లలు పుట్టాక పిల్లలు, ఎవరి వంతు వాళ్ళు ఓపిగ్గా సడలించారు. రెండోదాన్ని మాత్రం పాల్మాకులలో ఒక బాపు, ఒకే ఒక్క ఉదయం, మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూల్చేశాడు. ఈ కథ మా ఆయనకు ఇప్పటికి ఇరవైసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఇందులో నా తప్పు కొంచెం కొంచెం చిన్నదవుతోందని ఆయన ఫిర్యాదు. అందుకే ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను.

భూమి లోపలి సంగతులు చదువుకుని బయటికొచ్చిన నాకు తొలి ఉద్యోగం శంషాబాద్‌లో దొరికింది. ఆఫీసు అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. కింద టైర్ల దుకాణం, పైన మేము. చుట్టుపక్కల ఊళ్ళలో భూమి కదలికలను పసిగట్టే పరికరాలు పాతిపెట్టి, అవి రాసిన రాతను చదవడం మా పని. మా పెద్దసార్‌ది గోదావరి వైపు. కోపం వచ్చినా వ్యాకరణం తప్పని మనిషి. ఆ రాతను చదవడానికి ఆయన దగ్గర కొనుక్కొచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. అది ఒకే కంప్యూటర్‌లో పనిచేస్తుంది, ఆ కంప్యూటర్ ముందు ఒకే కుర్చీ, ఆ కుర్చీలో పెద్దసార్. ఆయన భోజనానికి ఎప్పుడు లేస్తారా అని మిగతా వాళ్ళం కాచుకుని కూర్చోవాలి. ఆయనకు ఆకలి తక్కువ.

అప్పుడు నేనొకటి కనిపెట్టాను (కనిపెట్టడమంటే ఇంటర్నెట్‌లో వెతికాను). ఇదే పని చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతోంది. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్ళు తీరిక వేళల్లో రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, బాగుచేస్తే మాకూ కొంచెం ఇవ్వండి అని వదిలేశారు. నొక్కడానికి అందమైన బటన్లేవీ ఉండవు. నల్లటి తెర మీద మనమే ఆజ్ఞలు టైపు చేయాలి. ఈ ఫైలు చదువు అంటే చదువుతుంది. గాలికి చెట్లు ఊగిన అలికిడి, లారీలు పోయిన అదురు జల్లించు అంటే జల్లిస్తుంది. గీసి చూపించు అంటే గొంగళిపురుగు పాకినట్టు ఒక గీత గీసి చూపిస్తుంది. మూడు రోజులు కుస్తీ పట్టి మొదటి గీత రప్పించిన రోజు కింద టైర్ల దుకాణం వాళ్ళకు కూడా మిఠాయి పంచాను. పెద్దసార్ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఫ్రీగా వచ్చినదాని మీద ఎలా ఆధారపడతామమ్మా? రేపు అది తప్పు చెబితే ఎవరిని అడుగుతాం?" అన్నారు. ఆ రోజు నుంచి దానికి ఆయన పెట్టిన పేరు ధర్మసత్రం. పొద్దున రాగానే, నీ ధర్మసత్రం ఏమంటోంది అని అడిగేవారు.

చివరికి మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నా ఆరు నెలల పరీక్షాకాలం ముగిసేలోపు ధర్మసత్రంతో పనికొచ్చే ఫలితం ఒక్కటి చూపిస్తే ఆఫీసంతా దాన్నే వాడుతుంది, నేనూ ఉద్యోగంలో ఉంటాను. చూపించలేకపోతే సత్రమూ, అందులో దిగిన నేనూ మూటాముల్లె సర్దుకోవాలి. ఒప్పుకున్నాను. అప్పటికి నాలుగు నెలలు అయిపోయాయని గుర్తొచ్చింది ఆ తర్వాత.

నాకు అప్పగించిన పరికరం పాల్మాకులలో ఒక రైతు పొలం గట్టున, నడుములోతు గుంతలో ఉండేది. ఆ రైతును ఊళ్ళో అందరూ బాపు అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. నేను షాద్‌నగర్ నుంచి బస్సులో వస్తూ మూడు రోజులకోసారి పాల్మాకులలో దిగి, పరికరంలోంచి చిన్న కార్డు తీసుకుని, ఖాళీ కార్డు పెట్టి వెళ్ళేదాన్ని. దిగినప్పుడల్లా బాపు భార్య మజ్జిగ ఇచ్చేది. వాళ్ళ పెంకుటిల్లు పాతబడి కూలితే అదే జాగాలో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి, స్లాబ్ వేయాలి. అందాకా భార్యాభర్తలిద్దరూ పక్కనే రేకుల షెడ్డులో కాపురం. ఎండాకాలంలో రేకుల కింద ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. మిరుగం లోపల, అంటే వానలు దిగేలోపల, స్లాబ్ పడాలని బాపు పట్టుదల.

నా లాప్‌టాప్ మీద గీతలు పాకడం బాపుకు సరదా. ఒకరోజు ఇదంతా ఉచితమని చెబితే, "ఊకెనే ఇచ్చిన్రా? ఎవలు బిడ్డా వాళ్ళు?" అని అడిగాడు. ఏ దేశం వాళ్ళో, ముఖాలు కూడా తెలియవని చెప్పాను. "మరి మనం గూడ వాళ్ళకు ఏమన్న ఇయ్యాలె గద" అన్నాడు బాపు. ఏమివ్వగలం అని నవ్వేసి మజ్జిగ గ్లాసు కడిగి ఇచ్చేశాను.

ఇక భూకంపం సంగతి. అయిదో నెలలో ఒకసారి పాల్మాకుల కార్డు తెచ్చి ధర్మసత్రంలో వేస్తే, గొంగళిపురుగు ఒంటి మీద అక్కడక్కడ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు చిన్నచిన్న కుదుపులు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, రోజుకు యాభై అరవై. రెండు వారాల రాత తీసి రోజుకో వరసగా చుక్కలు పెట్టాను. చుక్కలన్నీ ఒంటిగంటన్నరకు మొదలై పన్నెండున్నరకు ఆగిపోతున్నాయి. మధ్యలో రోజూ గంటన్నర పాటు భూమి మౌనం. ఆ మౌనం రోజుకో వేళకు. సోమవారం ఒకచోట, మంగళవారం ఇంకోచోట, మళ్ళీ సోమవారానికి అక్కడికే. మనుషులు చేసే చప్పుడైతే పగలంతా ఉండి రాత్రి ఆగాలి కదా. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు పని మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం ఆపేసే మనుషులు ఎవరుంటారు? కాబట్టి ఇది మనుషుల పని కాదు. కాబట్టి పాల్మాకుల కింద ఏదో మేలుకుంటోంది. కాబట్టి నా పేరు పత్రికల్లో వస్తుంది. ఎంత వేగంగా మెట్లెక్కానో చూడండి.

(ఒక చిన్న సంగతి అప్పుడే నాకు కళ్ళెర్రజేసి చెప్పింది. నేను మధ్యాహ్నం రెండింటికి కార్డు తీస్తే, అందులో రాత ఎనిమిదిన్నరతోనే ఆగిపోయి ఉండేది. ఎప్పుడు తీసినా అయిదారు గంటలు వెనకబడే ఉండేది. దాన్ని నేను పరికరం బద్ధకం కింద రాసుకున్నాను.)

ధర్మసత్రం గీసిన బొమ్మ కింద అంకెలు ఉంటాయి గానీ అవి ఏ దేశపు గడియారమో రాసి ఉండదు. బొమ్మ బోసిగా ఉందనిపించి, నా ముత్యాల్లాంటి దస్తూరీతో అడుగున 'భారత కాలమానం ప్రకారం' అని నేనే రాశాను. పరికరం పాల్మాకులలో ఉంది, నేను షాద్‌నగర్ పిల్లను, కాలం ఇంకెవరిదవుతుంది? పెద్దసార్ ఆ బొమ్మను చాలాసేపు చూశారు. నా రాత మీద వేలు పెట్టి, ఇది సరిచూశావా అని అడిగారు. చూశానన్నాను. ఆయన మొట్టమొదటిసారి నన్ను కూర్చోమన్నారు. మూడు వారాల తర్వాత సోమవారం నాడు పెద్దవాళ్ళ కమిటీ ఒకటి మా పని చూడ్డానికి వస్తోంది, అప్పటిదాకా రాత పోగుచెయ్యి, వాళ్ళకు నువ్వే చూపిద్దువు అన్నారు.

అప్పటినుంచి నా నడకే మారిపోయింది. కుదుపు మొదట తెచ్చే అలను మా చదువులో పీ అంటారు, వెనక వచ్చేదాన్ని ఎస్ అంటారు. రెంటికీ మధ్య ఎంత ఎడం ఉందో తెలిస్తే కుదుపు ఎంత దూరాన పుట్టిందో తెలుస్తుంది. ఒకరోజు బాపు ఇంట్లోనే లాప్‌టాప్ తెరిచి చూసి, బస్సెక్కగానే ఉత్సాహం పట్టలేక పెద్దసార్‌కు ఫోన్ చేశాను. బస్సు హోరులో వినపడదని గొంతెత్తి మాట్లాడాను. "సార్, పీ వచ్చింది సార్. చాలా స్పష్టంగా వచ్చింది. పొద్దున్నుంచి ముప్పైసార్లు వచ్చింది." ఫోన్ పెట్టేసరికి బస్సంతా నా వైపే చూస్తోంది. ముందు సీటులో కూరగాయల గంప పెట్టుకున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎన్ని నెలల పిల్ల బిడ్డా? ముప్పైసార్లంటే మాటలా. దవాఖానకు తీస్కపోండ్రి" అంది. పెళ్ళికాని పిల్లనని చెబితే పరిస్థితి ఇంకా పాడవుతుందని అలాగే తల ఊపాను. పక్క సీటులో ఎయిర్‌పోర్ట్ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. అలా పరిచయమైంది మా ఎయిర్‌పోర్ట్ అక్క.

అక్కది కూడా షాద్‌నగరే. ఆదివారం పొద్దున చర్చి, ఆ తర్వాత డ్యూటీ. మిగతా రోజుల్లో నాతోపాటు అదే బస్సు. విమానాలు కదలడానికి కావలసిన కాగితాలు సిద్ధం చేసే చోట పని. నా భూకంపం గురించి రోజూ వినేది. నాకు వినేవాళ్ళు దొరకడమే గొప్ప గనుక ఆమె పని గురించి నేను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

అసలు తప్పు నేను చేసింది బాపు దగ్గర. ఒక మధ్యాహ్నం కార్డు మార్చుకుంటుంటే, నీ మిషను ఏమంటుంది బిడ్డా అని మామూలుగా అడిగాడు. చూసి చెప్తా అంటే సరిపోయేది. కానీ మనం అప్పటికే భూగర్భాన్ని జయించి కూర్చున్నాం. ఆయన గోడల మీద సెంట్రింగ్ చెక్కలు బిగిస్తున్నారు. నాలుగు రోజుల్లో స్లాబ్. నేను గంభీరంగా ముఖం పెట్టి, "నేల కింద కదులుతున్నది బాపు. స్లాబ్ జర ఆపు, ఇప్పుడే వెయ్యకు" అన్నాను. ఎన్నాళ్ళు ఆపాలని అడిగాడు. చూసి చెప్తానన్నాను. "నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నువ్వు ఆగమంటే ఆగుత" అన్నాడు. మర్నాడు మేస్త్రీకి కబురు చేసి పని ఆపించాడు. ఎదురుప్రశ్న ఒక్కటీ వేయలేదు. ఆ నమ్మకం నాకు అప్పుడు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడతాయి.

రెండు వారాలు గడిచాయి. దక్షిణం దిక్కున మబ్బులు పట్టడం మొదలైంది. నేను వెళ్ళినప్పుడల్లా బాపు భార్య మజ్జిగ ఇస్తోంది గానీ ఇదివరకటిలా పక్కన కూర్చోవడం లేదు. రేకుల షెడ్డు మీద పాత టార్పాలిన్ కప్పి రాళ్ళు పెట్టారు. కప్పులేని గోడలు ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాయి. కమిటీ వచ్చే సోమవారానికి ఇంకా అయిదు రోజులుందనగా ఆవిడ ఇక ఆపుకోలేక, నాతో కాదు, గ్లాసుతో అన్నట్టు అంది. "ఆగమంటే ఆగినం. ఇగ ఆగమైతున్నం." నాశనమైపోతున్నామనే ఆ మాట షాద్‌నగర్ దాకా నా చెవిలోనే ఉంది. నా కుదుపులు నిజమైతే ఆ గోడల మీద కప్పు వేయకూడదు. నిజం కాకపోతే వానలోపల వేయాలి. ఏదో ఒకటి గట్టిగా చెప్పాల్సింది నేను. నాకేమో కమిటీకి చూపించే బొమ్మలకు రంగులు ఎంచుకోవడంతోనే సరిపోతోంది. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

శనివారం పొద్దున బస్సులో కూర్చుని ఆ రంగుల బొమ్మ ఒళ్ళో పరుచుకున్నాను. ఏడు రోజులకు ఏడు వరసలు, మధ్యలో మెట్లు మెట్లుగా ఖాళీలు. అక్క వంగి చూసింది. ముద్దుగా ఉంది అంది. తర్వాత వేలితో అంకెలు తడిమి, "చెల్లె, గీ టైము మనదా, విమానాలదా?" అని అడిగింది. విమానాలకు వేరే టైము ఏమిటన్నాను. అక్క ఓపిగ్గా చెప్పింది. "మా కాయితాల మీద అంతా లోకం టైమే ఉంటది. మన గడియారం కావాలంటే అయిదున్నర కలుపుకోవాలె. కలపకపోతే పొద్దున ఏడింటి విమానం రాత్రి ఒకటిన్నరకే వచ్చిందంటరు."

పొద్దున ఏడు. రాత్రి ఒకటిన్నర. పాలమ్మే ఆయన బండి అడ్డమొచ్చి బస్సు సడన్‌గా ఆగింది. నాకు తెలియని సంగతి కాదది. ప్రపంచంలో ఎక్కడ భూమి కదిలినా ఒకే గడియారంలో రాస్తారని మా చదువులో మొదటి పాఠం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ధర్మసత్రం పుస్తకంలో ఉందా అని ఫోన్‌లో తెరిచాను. ఉంది. మొదటి పేజీ, మూడో వాక్యం, లావు అక్షరాల్లో.

పాల్మాకులలో దిగి నేరుగా బాపు మంచం అంచున కూలబడ్డాను. బాపు ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. తప్పు జరిగింది, లెక్క మళ్ళీ చూసుకుంటున్నా అన్నాను. ఆయన ఊ అన్నాడు. పెన్ను తీసి ప్రతి అంకెకూ అయిదున్నర కలపడం మొదలుపెట్టాను. కుదుపులు పొద్దున ఏడింటికి మొదలై సాయంత్రం ఆరింటికి ఆగిపోతున్నాయి. అంటే మనుషులే. కానీ మధ్యలో ఆ ఖాళీలేమిటి? భోజనానికైతే రోజూ ఒకే వేళ ఉండాలి కదా. కలుపుతూ కలుపుతూ పైకే చదువుకుంటున్నాను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. బుధవారం, ఆరున్నరకు అయిదున్నర కలిపితే, అని వేళ్ళు లెక్కపెడుతున్నాను.

"పన్నెండు నుంచి ఒకటిన్నర" అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

చూసుకున్నాను. నిజమే. నేను గురువారం వరస మీద వేలు పెట్టేలోపే, "ఒకటిన్నర నుంచి మూడు" అన్నాడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. ఆదివారం నాలుగున్నరకు ఆగితే ఇక ఆ రోజుకు మళ్ళీ లేవదు. ఒక్కటంటే ఒక్కటీ తప్పలేదు. ఆయన చేతిలో ఈనెలు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపడుతూనే ఉన్నాయి. మీకెట్ల తెలుసు బాపు అని అడిగాను. షెడ్డు గోడకు వేలాడుతున్న ఎరువుల దుకాణం వాళ్ళ క్యాలెండర్ వైపు గడ్డంతో చూపించాడు. "రాహుకాలం గద బిడ్డా. నీ భూకంపం పంచాంగం సూసుకోని కదులుతున్నది."

పొలాల అవతల గుట్ట వెనక ఇళ్ళ ప్లాట్ల కోసం కొత్త వెంచర్ వాళ్ళు బండలు పగలగొడుతున్నారట. పెద్ద క్రేన్‌తో ఇనుప గుండును పైకెత్తి రాళ్ళ మీద వదులుతారట. వాళ్ళు బాపు బోరు దగ్గరికే నీళ్ళకు వస్తారు. రాహుకాలంలో గుండు ఎత్తరు గనుక తిండి కూడా అప్పుడే తింటారు. మంగళవారం మూడింటిదాకా పస్తేనని బాపు వాళ్ళ మీద జాలిపడ్డాడు. హైవే మీది లారీలు, నెత్తి మీద దిగే విమానాలు కలిసి ఆ గుండు చప్పుడును నా చెవిన పడనివ్వలేదు, నేల మాత్రం మోసుకొచ్చి గుంతలో పెట్టింది. ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగాను, కొంచెం నిష్ఠూరంగానే. "నువ్వు భూకంపం అంటివి. గుండు సంగతి అడగకపోతివి" అన్నాడు.

ఇద్దరం గుట్ట చుట్టి వెళ్ళేసరికి పది దాటింది. క్రేన్ మెడ వంచి నిలబడి ఉంది. మనుషులు నీడన కూర్చుని ఉప్మా తింటున్నారు. ఎందుకు ఆపారని అడిగితే వాళ్ళ మేస్త్రీ చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పాడు. "పని షురూ అయిన దినమే రాహుకాలంల గొలుసు తెగింది మేడం. ఎవలకు ఏం కాలే గానీ, ఇగ గా టైంల ఎవడు క్రేన్ లివర్ ముట్టడు." పదిన్నర కాగానే అతను ఫోన్‌లో టైము చూసుకుని చెయ్యి ఊపాడు. గుండు పైకి లేచింది. పడింది. అరికాళ్ళకు తెలిసింది. మూడు వారాలుగా నేను ప్రేమించి, రంగులు వేసి, దాచుకున్న నా భూకంపం నా కళ్ళముందే ఒక నల్లబండను రెండు ముక్కలు చేసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాపు నవ్వలేదు. నా వైపు తిరిగి ఒకే ఒక్కటి అడిగాడు, "మరి నా కింద ఏం లేదు గద బిడ్డా?" ఏం లేదు బాపు అని చెప్పాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన ఒక్కసారీ భయపడినట్టు కనిపించలేదు, అందుకే ఆయనకు భయం ఉంటుందని నాకు తట్టలేదు.

అక్కడి నుంచే పెద్దసార్‌కు ఫోన్ చేశాను. కాలమానం రాసింది నేను, సత్రం తప్పేమీ లేదు అని మొదట చెప్పి, తర్వాత మిగతాది చెప్పాను.

"సోమవారం రాహుకాలం ఎప్పుడన్నావు?" అని అడిగారు పెద్దసార్.

"ఏడున్నర నుంచి తొమ్మిది సార్."

"కమిటీని ఎనిమిదింటికి రమ్మన్నాను." అవతల డైరీ పేజీ తిరిగిన చప్పుడు. "తొమ్మిదింబావుకు మారుస్తాను. నువ్వు జరిగింది జరిగినట్టు చెప్పమ్మా."

జరిగింది జరిగినట్టే చెప్పాను. పీ సంగతి ఒక్కటి వదిలేశాను. కమిటీలో అందరికంటే పెద్దాయన బొమ్మను తిప్పి తిప్పి చూసి, గుట్ట అవతల మనుషులు ఉప్మా తినడానికి లేచిన వేళ కూడా పట్టిందంటే ఈ సాఫ్ట్‌వేర్‌కు ఇంకేం పరీక్ష కావాలి అన్నాడు. అలా ధర్మసత్రం గెలిచింది. నా పరీక్షాకాలం మాత్రం మూడు నెలలు పొడిగించారు. దానితోపాటు ఒక శిక్ష. ఆ పుస్తకం మొదటి పేజీని చేత్తో పదిసార్లు రాసి పెద్దసార్ బల్ల మీద పెట్టాలి. పెట్టాను.

స్లాబ్ మాట మిగిలింది. సోమవారం సాయంత్రమే బాపు దగ్గరికి వెళ్ళి, ఇక వేసుకోండి, మీకు ఎప్పుడు మంచిదైతే అప్పుడు అన్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు. "ఆపమన్నది నువ్వే. ఎయ్యమనేది గూడ నువ్వే. టైం చెప్పు." జీవితంలో మొదటిసారి నేను ఒక క్యాలెండర్ ముందు నిలబడి రాహుకాలం చూశాను. ఫోన్‌లో వాన కబురు చూశాను. అయిదున్నర కలపాలా అక్కర్లేదా అని రెండుసార్లు చూశాను. గురువారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఒకటిన్నరలోపు ముగించాలి అన్నాను.

గురువారం నేనూ సెలవు పెట్టి వచ్చాను. కంకర, సిమెంటు కలిపే మిల్లర్ మిషను గిరగిరా తిరుగుతోంది, తట్టలు చేతులు మారుతున్నాయి. మబ్బు నెత్తి మీదికి వచ్చి నిలబడింది. బాపు భార్య పైకి చూడటం, నేను పైకి చూడటం, ఒకరినొకరం చూసుకుని చూపు తిప్పుకోవడం. ఒంటిగంట దాటాక ఆఖరి తట్ట పడింది. అప్పటికే షెడ్డు ముందు పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది, స్లాబ్ రోజు పనివాళ్ళకు పెట్టే విందు. సరిగ్గా ఒకటిన్నరకు గుట్ట వెనక నుంచి గుండు మేస్త్రీ తన మనుషులతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బాపు పిలిచాడట, ఎట్లాగూ వాళ్ళు తినే వేళ అదే కదా అని. డ్యూటీ మార్చుకుని అక్క కూడా వచ్చింది. బాపు ఆమెను ఆపి, "నువ్వు గూడ మీ దేవునికి ఒక మాట చెప్పు బిడ్డా, ఎవలది ముందు అందుతదో" అన్నాడు. అక్క తడి స్లాబ్ కింద నిలబడి కళ్ళు మూసుకుని ఆ ఇంటి కోసం ప్రార్థన చేసింది. అందరం వరసగా కూర్చున్నాం. బాపు భార్య నా విస్తట్లో వేసిన ముక్కలు లెక్కపెడితే నన్ను క్షమించిందని అర్థమైంది. వాన మర్నాడు పొద్దున గానీ దిగలేదు. స్లాబ్ తడపడానికి నీళ్ళు ఊకెనే వచ్చాయని బాపు మురిసిపోయాడట.

ఆ తర్వాత బాపు అన్న మాట ఒకటి నన్ను వదల్లేదు, మనం కూడా ఏమన్నా ఇవ్వాలి కదా అన్నది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు నేను ఉత్తరం రాశాను. జరిగిందంతా కాదు, పరువు దక్కేంత మేరకు. అడుగున చిన్న మార్పు జతచేసి పంపాను. బొమ్మ గీసినప్పుడల్లా అది ఏ గడియారమో దానికదే కింద రాసేలా రెండే రెండు వరసలు. వాళ్ళు దయగా తీసుకున్నారు. ఇప్పుడు ఏ దేశంలో ఎవరు ఆ బొమ్మ గీసినా కింద ఆ చిన్న మాట వస్తుంది. అది పాల్మాకులలో ఒక స్లాబ్ ఆగినందువల్ల వచ్చిందని వాళ్ళలో ఎవరికీ తెలియదు.

ఈ మధ్య ఆ దారిన వెళ్తూ దిగాను. ఇల్లు నీలం రంగులో ఉంది. గోడ మీద ఈ ఏటి క్యాలెండర్, పక్కనే అద్దం కట్టించిన ఒక కాగితం. స్లాబ్ పడిన గురువారం నాటి రాత, నేనే గీసి ఇచ్చింది. ఆరింటి నుంచి మిల్లర్ తిరిగినంతసేపు గీత దట్టంగా, లావుగా ఉంటుంది. ఒకటిన్నర దగ్గర చటుక్కున సన్నబడి, మూడింటిదాకా నున్నగా, ఒక్క వంకర లేకుండా సాగుతుంది. అడుగున నా చేతి రాత, వెలిసిపోయి, 'భారత కాలమానం ప్రకారం' అని. ఈసారి నిజంగానే. ఆ రాత రాసిన పిల్ల మీద కోపం రావాల్సింది, రాలేదు. అంత గట్టిగా, అంత తప్పుగా, అంత సంతోషంగా ఇప్పుడు దేన్నీ నమ్మలేకపోతున్నాను.

బాపు మజ్జిగ గ్లాసు అందించి, అద్దం మీద ఆ నున్నటి చోట వేలు పెట్టాడు. "గిది మనం అన్నం తిన్నది" అన్నాడు.